సినిమాలో మోషే, బైబిల్లో మోషే... పిల్లలకి ఎవర్ని చూపించమంటారు అక్కా?

ఈ వారం ఉత్తరం నరసాపురం దగ్గర ఒక ఊరి నుంచి. అమ్మాయి పేరు వెయ్యొద్దంది, వెయ్యట్లేదు. ఉత్తరం పెద్దది, కాస్త కుదించి పెడుతున్నా.

"అక్కా, వందనాలు. నేను బీఈడీ చేస్తున్నాను, మా సంఘంలో సండే స్కూల్ పిల్లలకీ యూత్‌కీ నేనే చెప్తాను. వాక్యం చెప్తుంటే తలలు ఫోన్లలోకి వెళ్ళిపోతాయి, ఏదన్నా సినిమా సీన్ చెప్తే మాత్రం అందరూ లేస్తారు. అందుకని సెలవుల్లో శనివారం సాయంత్రాలు మా డాబా మీద బైబిల్ సినిమాలు వేసి, అయ్యాక మాట్లాడుకుందాం అనుకున్నా. పాస్టర్ గారితో అంటే సినిమా లోకసంబంధమైంది, వద్దమ్మా అన్నారు. పక్కింటి ఫ్రెండ్స్ ఇద్దరు, హిందువులు, మేమూ వస్తాం అంటున్నారు, పిలవొచ్చా? ఇంకోటి అక్కా, ఇది ఎవరికీ చెప్పలేదు. సిలువ సీన్ సినిమాలో చూస్తే నాకు ఏడుపు ఆగదు, అదే బైబిల్లో చదివితే నిద్రొస్తుంది. నా విశ్వాసం ఉత్తదేనా? ఇంతకీ ఏ సినిమాలు వెయ్యాలి, పాస్టర్ గారికి ఏం చెప్పాలి?"

అమ్మా, అడిగినవి నాలుగైదు ఉన్నాయి గానీ నాకైతే అసలు ప్రశ్న ఆ నిద్ర సంగతే అనిపించింది, మిగతావన్నీ దాని చుట్టూ తిరిగేవే. అయినా ముందు పాస్టర్ గారి దగ్గర్నుంచి మొదలెడదాం, ఎందుకంటే ఆయన్ని పాతకాలం మనిషని తీసి పక్కన పెట్టేస్తావేమోనని నా భయం.

మీ వైపు సంఘాలకి ఒక చరిత్ర ఉంది. 1836లో ఇంగ్లాండ్ నుంచి బౌడెన్, బీర్ అని ఇద్దరు మిషనరీలు భార్యలతో సహా ఓడెక్కి వచ్చి, తర్వాత నరసాపురం పాలకొల్లు ప్రాంతాల్లో స్థిరపడి పనిచేశారు, గోదావరి డెల్టా మిషన్ అంటారే అది వాళ్ళతో మొదలైందే. వాళ్ళది సాదా పద్ధతి, హంగులూ వేషాలూ ఉండవు, వాక్యం చదవటం, పాడటం, రొట్టె విరవటం అంతే. మీ సంఘం ఆ కొమ్మదో కాదో నువ్వు రాయలేదు గానీ ఆ గాలి మాత్రం డెల్టా అంతా ఉంది, మా లూథరన్ ఇళ్ళల్లో కూడా సినిమాకెళ్తే చీకటి పడ్డాక దొడ్డి గుమ్మంలోంచి ఇంట్లోకి వచ్చిన వాళ్ళున్నారు. పైగా ఆ రోజుల్లో సెకండ్ షో అంటే వెనకాలే తాగుడూ, పేకాటా, కూలి డబ్బులు పోగొట్టుకోటం అన్నీ ఉండేవి, పెద్దవాళ్ళు వద్దన్నది ఊరికే అన్నమాట కాదు.

కానీ మరి ఇంకో చరిత్ర కూడా ఉంది కదా. 1978లో కరుణామయుడు వచ్చింది, భీమ్‌సింగ్ డైరెక్షన్, విజయచందర్ గారు యేసు వేషం. హాల్లో ఆడటం ఒక ఎత్తయితే తర్వాత సువార్త బృందాలు వ్యానుల్లో ప్రొజెక్టర్ పెట్టుకుని ఊరూరా తిరిగి వేసిందొక ఎత్తు, రెండు వెదురు గెడలకి తెల్లగుడ్డ కట్టి, గుడ్డకి ఇవతల కొందరు అవతల కొందరు కూర్చుని చూసేవాళ్ళు, అవతల వాళ్ళకి పేర్లన్నీ తిరగబడి కనపడేవి, పట్టించుకున్నవాడెవడు. ఇక "కదిలిందీ కరుణరథం" పాట, మోదుకూరి జాన్సన్ గారు రాసింది, బాలు గారు పాడింది, గుడ్ ఫ్రైడే రోజు మైకులో అది వినపడని ఊరు మన దగ్గర ఉందా? అది సినిమా పాటే. క్రిస్మస్‌కి పిల్లలకి దూది గడ్డాలు అంటించి, తువ్వాళ్ళు తలకి చుట్టి నాటకం వేయిస్తాం, అందులో ముగ్గురు జ్ఞానులు ఠీవిగా నడిచొస్తారు, మత్తయిలో ఎంతమంది వచ్చారో ఎక్కడా లేదు, ముగ్గురన్నది తెచ్చిన కానుకలు మూడు కాబట్టి మనం వేసుకున్న లెక్క. అంటే వాక్యానికి వేషం కట్టటం సంఘంలోకి ఎప్పుడో వచ్చేసింది. ఇదంతా నీకు తెలియాలని చెప్తున్నా, పాస్టర్ గారి ముందు వాదించి గెలవటానికి కాదు. ఆయనకేం చెప్పాలో చివర్లో చెప్తా.

ఇప్పుడు ఏడుపూ నిద్రా. సినిమాలో ఏడుపు రావటానికి బోలెడు మంది పనిచేస్తారమ్మా, కెమెరా దగ్గరికి వెళ్తుంది, వెనకాల వయొలిన్లు మోగుతాయి, నటుడు పెదవి వణికిస్తాడు, మన కళ్ళల్లో నీళ్ళు రాకపోతే వాళ్ళ పని చెడినట్టే లెక్క. అదేం తప్పు కాదు, నీ విశ్వాసానికి అది సర్టిఫికెట్టూ కాదు. సినిమా అన్నం కలిపి ముద్ద నోట్లో పెడుతుంది, వాక్యం నిన్నే కలుపుకోమంటుంది, అలవాటు లేని చెయ్యి ఆగిపోతుంది, ఆ ఆగటాన్నే నువ్వు నిద్ర అంటున్నావ్. మీ పిల్లలదీ అదే సంగతి.

ఒకటి చేసి చూడు. లూకా 22వ అధ్యాయం, యేసు శిష్యుడు పేతురు మూడోసారి యేసుని నేనెరగనన్నాడు, వెంటనే కోడి కూసింది, తర్వాత లూకా ఏం రాశాడంటే ప్రభువు తిరిగి పేతురు వైపు చూశాడు అని. అంతే. నాలుగు సువార్తల్లోనూ ఈ చూపు లూకాలో ఒక్క చోటే ఉంది. ఏ రకం చూపో రాయలేదు. కోపమా, జాలా, నేను ముందే చెప్పాను కదరా అన్న చూపా, దెబ్బలు తగిలే ముందు తెలిసిన మొహం కోసం వెతుక్కున్న చూపా? సినిమా తీసేవాడికి ఇక్కడ తప్పించుకునే దారి లేదు, నటుడి మొహంలో ఏదో ఒకటి పెట్టాలి, పెట్టగానే మిగతావన్నీ పోతాయి. లూకా మాత్రం అన్నీ ఉంచేసి వెళ్ళిపోయాడు. ముందు పిల్లలకి ఆ సీన్ వెయ్యి, తర్వాత ఒకళ్ళ చేత ఆ వచనాలు పైకి చదివించు, చదివించి సినిమాలో ఆయన ఎలా చూశాడు, నువ్వు డైరెక్టర్ అయితే ఎలా చూడమంటావ్ అని అడుగు. ఇంట్లో నాన్నతో అబద్ధం చెప్పి దొరికిపోయిన కుర్రాడు ఉంటాడు చూడు, వాడు చెప్పేది విను. ఇంక నిద్ర ఎక్కడిది.

నేను చెప్పదల్చుకున్నది మొత్తం ఇదే అనుకో. బైబిల్ సినిమాని బైబిల్‌కి బదులుగా వెయ్యొద్దు, బైబిల్ ఎంత కరెక్టో నిరూపించటానికీ వెయ్యొద్దు. సినిమా ఏం కలిపింది, ఏం వదిలేసింది, ఎందుకలా చేసింది, ఆ తేడా దగ్గర పిల్లల్ని కూర్చోబెట్టు. తేడా పట్టుకోవాలంటే వాళ్ళు వాక్యం చదవాలి, నువ్వు చదవండ్రా అని బతిమాలక్కర్లేదు, సినిమా వాళ్ళ తప్పు పట్టుకోటానికే చదువుతారు, ఆ వయసుకి తప్పులు పట్టటం ఎంత ఇష్టమో బీఈడీ చేస్తున్నదానివి నీకు నేను చెప్పాలా.

మోషేతో మొదలెట్టు, పిల్లలకి సరిపోతుంది. టెన్ కమాండ్‌మెంట్స్ 1956ది, దాదాపు మూడు గంటల నలభై నిమిషాలు, డాబా మీద పూర్తిగా వేస్తే సగం మంది చాప మీదే పడుకుంటారు, సముద్రం చీలే చోటు మాత్రం వెయ్యి చాలు. పిల్లలకి ప్రిన్స్ ఆఫ్ ఈజిప్ట్ నయం, 1998 యానిమేషన్ బొమ్మ, గంటా నలభై నిమిషాల లోపే, పాటలూ బాగుంటాయి. దాన్ని నిర్గమకాండం మొదటి రెండు అధ్యాయాలతో పెట్టి చూడండి. సినిమాలో బుట్టలో పిల్లాణ్ణి తీసుకునేది రాణి, బైబిల్లో ఫరో, అంటే ఈజిప్టు రాజు, కూతురు. ఇది చిన్న తేడా, చిన్నపిల్లలు ఇట్టే పట్టేస్తారు, పట్టేసి గంతులేస్తారు. పెద్ద తేడా తర్వాత వస్తుంది. సినిమాలో బానిసని కొరడాతో కొడుతున్న కాపలావాణ్ణి మోషే ఆవేశంలో నెడతాడు, వాడు పైనుంచి పడి చచ్చిపోతాడు, మోషే మొహంలో అయ్యో అనుకోకుండా జరిగిపోయిందే అన్న బాధ. బైబిల్లో అలా లేదు. ఇటూ అటూ తిరిగి చూశాడు, ఎవరూ లేరు, చంపాడు, ఇసకలో కప్పెట్టాడు (నిర్గమ 2:12). ఆ ఇటూ అటూ చూడటం ఉందే, అది అనుకోకుండా జరిగిన పనికి ఉండదు. సినిమా వాళ్ళు హీరోని కాపాడారు, బైబిల్ కాపాడలేదు. ఇక్కడ మీ యూత్‌లో ఎవడో ఒకడు అడుగుతాడు, అయితే దేవుడు హంతకుణ్ణి పిలిచాడా అక్కా అని. అడిగితే వెంటనే సమాధానం చెప్పెయ్యకు, కాసేపు ఆ ప్రశ్నని అలా ఉండనీ, వాళ్ళల్లో వాళ్ళని కొట్టుకోనీ.

ఇంకో సరదా సంగతి, ఫరో ముందు నిలబడి మాట్లాడినప్పుడు మోషేకి 80 ఏళ్ళు, వాళ్ళన్న అహరోనుకి 83 (నిర్గమ 7:7). సినిమాల్లో కండలు తిరిగిన కుర్రాడు కనపడతాడు. పైగా మండే పొద దగ్గర మోషే ఏమన్నాడు, నేను నోటి మాంద్యము నాలుక మాంద్యము గలవాడను అన్నాడు, మాట సరిగా రాని మనిషి. టెన్ కమాండ్‌మెంట్స్‌లో ఛార్ల్టన్ హెస్టన్ గొంతు వింటే ఈయనకి నత్తేంటి అనిపిస్తుంది, ఆ గొంతు వేసుకుని ఎలక్షన్‌లో నిలబడొచ్చు. మీ క్లాసులో మాట తడబడే పిల్లాడెవడన్నా ఉంటే ఆ వచనం వాడి చేత చదివించొద్దు, దగ్గర కూర్చోబెట్టుకుని నువ్వే చదువు. ఇంకా ఆ మొదటి అధ్యాయంలోనే షిఫ్రా, పూయా అని ఇద్దరు మంత్రసానులున్నారు, మగపిల్లల్ని చంపమంటే చంపకుండా, ఫరోకి మొహం మీదే ఓ కథ అల్లి చెప్పి వచ్చేశారు. ఆ మహారాజు పేరు బైబిల్లో రాయలేదు, ఈ ఇద్దరాడవాళ్ళ పేర్లు రాశారు. ప్రిన్స్ ఆఫ్ ఈజిప్ట్‌లో వీళ్ళు లేరు, ఆడపిల్లల చేత ఆ సీన్ వాళ్ళనే రాసి ఆడమను.

ప్యాషన్ ఆఫ్ ద క్రైస్ట్ (2004) గురించి నువ్వు పేరు పెట్టి రాయలేదు గానీ ఏడుపు ఆగదన్నావ్ కాబట్టి అదే అయ్యుంటుంది. అది చిన్నపిల్లలకి వద్దు, ఖచ్చితంగా వద్దు. కొరడా దెబ్బల సీన్ నిమిషాల తరబడి సాగుతుంది, యోహాను 19:1 తీసి చూడు, పిలాతు ఆయన్ని కొరడాలతో కొట్టించెను, ఒక్క ముక్కలో అయిపోయింది. నలుగురు సువార్తికుల్లో ఒక్కడు కూడా ఎన్ని దెబ్బలో, ఎంత రక్తమో రాయలేదు. అందులో కొన్ని సీన్లు అసలు సువార్తల్లోవే కాదు, ఆన్ కేథరిన్ ఎమెరిక్ అని జర్మనీలో ఒక నన్ ఉండేది, ఆవిడకి వచ్చిన దర్శనాలని రాసిన పుస్తకంలోంచి తీసుకున్నవి. యూదుల్ని చూపించిన పద్ధతి మీద కూడా అప్పట్లో పెద్ద గొడవే అయింది, అది కూడా మీ డిగ్రీ పిల్లలతో మాట్లాడాల్సిందే, యేసూ ఆయన తల్లీ శిష్యులూ అందరూ యూదులేనన్న సంగతి మనవాళ్ళు చాలామంది మర్చిపోతారు. నువ్వు ఆ సినిమా చూసి ఏడవటం తప్పని అనట్లేదు, ఏడ్చాక సువార్త తీసి ఇక్కడ ఎందుకింత క్లుప్తంగా రాశారు అని ఒక్కసారి అడుగు అంటున్నా.

ఆ సినిమాలోనే ఇంకొకటి, యేసు వెంట నడిచిన మగ్దలేనే మరియనీ, యోహాను 8లో వ్యభిచారంలో పట్టుబడిందని జనం రాళ్ళతో కొట్టబోయిన స్త్రీనీ ఒక్కళ్ళనే చేసేశారు. ఇది చాలా పాత అలవాటు, సినిమాలకంటే కొన్ని వందల ఏళ్ళు పాతది. లూకా 8 మొదటి మూడు వచనాలు చదివించు, మగ్దలేనే మరియ లోంచి ఏడు దయ్యాలు వదిలాయి అని ఉంది, యోహన్నా సూసన్నా వీళ్ళతో కలిసి తమ సొంత ఆస్తి ఖర్చు పెట్టి ఆయన్నీ శిష్యుల్నీ పోషించింది అని ఉంది. వ్యభిచారి అని ఏ సువార్తలోనూ లేదు. లేచిన ప్రభువు మొదట కనపడింది ఆవిడకి. మరి ఆవిడ మీద ఆ మాట ఎలా అంటుకుంది? మన ఊళ్ళల్లో కాస్త సొంతంగా డబ్బు ఖర్చుపెట్టి తిరిగే ఆడదాని గురించి ఏమంటారో మీ ఆడపిల్లలకి తెలుసు, వాళ్ళే చెప్తారు.

బైబిల్ వేషాలున్న సినిమాలే వెయ్యాలని రూలేం లేదు. నా మటుక్కి మామూలు సినిమాల్లోనే పని ఎక్కువ దొరుకుతుంది. బీదలపాట్లు అని 1950లో వచ్చింది, నాగయ్య గారిది, విక్టర్ హ్యూగో లే మిజరబుల్స్ నవలే, ఆ నవల ఇంగ్లీషులో కూడా చాలాసార్లు సినిమాగా వచ్చింది, ఏది దొరికితే అది. నవల్లో ఆ బిషప్ సీన్ చాలు. జైలు నుంచొచ్చినవాణ్ణి ఎవరూ గుమ్మం తొక్కనివ్వకపోతే బిషప్ అన్నం పెట్టి పడుకోబెడతాడు, వాడు రాత్రి వెండి సామాను పట్టుకుని పారిపోతాడు, పోలీసులు పట్టుకొస్తే అది నేనే ఇచ్చాను, నువ్వు వెండి దీపస్తంభాలు మర్చిపోయావేంటి అని అవీ ఇచ్చేస్తాడు. దాని పక్కన లూకా 19 పెట్టు, జనాన్ని పిండిన పన్నుల అధికారి జక్కయ్య కథ. మేడిచెట్టు ఎక్కిన జక్కయ్య పాట మీ పిల్లలందరికీ యాక్షన్‌తో సహా వచ్చుంటుంది గానీ వరస గమనించారేమో అడుగు. జక్కయ్య నాలుగంతలు తిరిగిస్తానన్నాక యేసు వాళ్ళింటికి వెళ్ళలేదు, ముందు నీ ఇంటికొస్తున్నా అన్నాడు, తర్వాత జక్కయ్య నోరు తెరిచాడు. మన సంఘాల్లో మాత్రం ముందు వాణ్ణి మారి రమ్మను, తర్వాత చూద్దాం అంటాం. సరేలే, ఎక్కడికో వెళ్తున్నా.

డిగ్రీ పిల్లలకైతే షాషాంక్ రిడంప్షన్ (1994) ఉంది, జైల్లో దారుణమైన సీన్లున్నాయి, నువ్వు ముందు చూసి కావాల్సిన ముక్కలే వెయ్యి. ఆ వార్డెన్ నోట్లో ఎప్పుడూ బైబిల్ వచనమే, చేసేవన్నీ దొంగ లెక్కలు, అవసరమైతే మనిషి ప్రాణం తియ్యటానికీ వెనకాడడు. హీరో గోడ తవ్విన చిన్న సుత్తి దాచుకున్నది కూడా బైబిల్లోనే, నిర్గమకాండం దగ్గర పేజీలు తొలిచి, బయటపడ్డవాళ్ళ పుస్తకం కదా మరి. దీన్ని మత్తయి 4తో కలిపి చదివితే మీకే ఒళ్ళు జలదరిస్తుంది, దేవాలయ శిఖరం మీద సైతాను యేసుతో మాట్లాడినప్పుడు వాడు వాడింది 91వ కీర్తనే, వాక్యం వాడికీ కంఠతా వచ్చు. ఈ సైతానుని తెలుగులో చూడాలంటే రాజాధిరాజు (1980) చూడండి, నూతన్‌ప్రసాద్ గారు వేశారు, కొమ్ములూ తోకా కంటే నవ్విస్తూ తీయగా మాట్లాడే సైతానే ప్రమాదమని ఆయన్ని చూస్తే అర్థమవుతుంది. తీసింది ఎవరనుకున్నావ్, బాపు గారు! మీ నరసాపురంలో పుట్టినాయనే. సంపూర్ణ రామాయణం, సీతాకల్యాణం తీసి, జీవితమంతా రాముణ్ణి బొమ్మలేసిన మనిషి యేసు కథ తీశారు.

మిస్సమ్మ (1955) కూడా వెయ్యొచ్చు, నవ్వుకోటానికీ, నవ్వాక ఒక్క ప్రశ్న అడగటానికీ. నాకు ప్రాణం ఆ సినిమా అంటే, సావిత్రి గారి మేరీ అంటే మరీను. కానీ ఆ మేరీ చివరికి తప్పిపోయిన మహాలక్ష్మి అని తేలాకే కదా అందరికీ ఊపిరి పీల్చుకున్నట్టు అయ్యింది, మేరీ మేరీగానే ఉండిపోతే కథ ఎలా ముగిసేది? ఇది యూత్‌కి ఇచ్చి చూడు, మన సినిమాల్లో క్రిస్టియన్ పాత్రలంటే ఎక్కువగా ఎవరెవరు, తెల్లగౌన్ ఫాదరూ, మెడలో సిలువ వేసుకున్న విలన్ రాబర్టూ, మందు సీసాతో డేవిడూ... మిగతా లిస్టు వాళ్ళే చెప్తారు.

ఇక నీ ఫ్రెండ్స్. పిలువు, నిరభ్యంతరంగా పిలువు, కానీ ఏం జరగబోతోందో ముందే చెప్పి పిలువు. సినిమా అని పిలిచి, లైట్లు వేశాక తలలు వంచండి, ఎవరు చెయ్యెత్తుతారు అని మొదలెట్టావంటే అది మోసం, వాళ్ళు మళ్ళీ రారు, రాకపోవటమే న్యాయం. చిన్నపిల్లలైతే వాళ్ళ అమ్మానాన్నల్ని అడిగే తీసుకురా. వాళ్ళు వస్తే మీకే లాభం, మనకి పుట్టినప్పట్నుంచీ విని విని అరిగిపోయిన కథ వాళ్ళు కొత్తగా వింటారు, మనం అడగని చోట అడుగుతారు. ఇంకోటి చెప్పనా, అసలు ఇండియన్ సినిమా పుట్టిందే ఇలాంటి సాయంత్రం ఒకదాన్నుంచి. 1910 ప్రాంతంలో బొంబాయిలో దాదాసాహెబ్ ఫాల్కే గారు లైఫ్ ఆఫ్ క్రైస్ట్ అనే మూకీ బొమ్మ చూశారు, తెర మీద క్రీస్తు కదులుతుంటే ఆయనకి మనసులో కృష్ణుడూ రాముడూ కదిలారట, అక్కణ్ణుంచి సినిమా పిచ్చి పట్టుకుని 1913లో రాజా హరిశ్చంద్ర తీశారు. ఆయన క్రిస్టియన్ అవలేదు, చూసినదాన్ని పారేసుకోనూ లేదు. మన విజయచందర్ గారే చూడు, ఊళ్ళల్లో యేసు ప్రభువంటే ఆయన మొహమే గుర్తొచ్చే రోజుల్లో 1986లో షిర్డీ సాయిబాబా వేషం వేశారు, ఆ మొహానికే ఇళ్ళల్లో దండాలు పెట్టారు. నీ ఫ్రెండ్స్ ఇళ్ళల్లో ఈ సంగతి చెప్తే పెద్దవాళ్ళు కూడా వచ్చి కూర్చుంటారు.

టెలిగ్రామ్‌లో దింపిన ప్రింట్ మాత్రం వెయ్యొద్దు తల్లీ. పది ఆజ్ఞల సినిమా, దొంగిలకూడదు అన్న ఆజ్ఞ అందులోదే, తెలుసు కదా. నీ సబ్‌స్క్రిప్షన్‌లో ఇంట్లో వాళ్ళతో చూసుకోటం వేరు, సంఘం పేరు మీద పదిమందిని పిలిచి వెయ్యటం వేరు, దానికి హక్కులున్నవాళ్ళ పర్మిషన్ కావాలి. గొడవ లేకుండా కావాలంటే 1979లో వచ్చిన జీసస్ సినిమా ఉంది, లూకా సువార్త ఆధారంగా తీసింది, 2 వేలకి పైగా భాషల్లోకి వెళ్ళింది, తెలుగులో వాళ్ళ యాప్‌లోనే ఉచితంగా ఉంటుంది. కళగా చూస్తే గొప్ప సినిమా అని నేననను, కాస్త పాఠం చెప్తున్నట్టుంటుంది, కానీ లూకా పక్కన పెట్టి చూడటానికి దానికంటే సుళువైంది లేదు, పేతురు సీన్ దాంట్లోంచే తీసుకో.

ఇప్పుడు పాస్టర్ గారి దగ్గరికి. ఈసారి వెళ్ళినప్పుడు సినిమా పేరు ముందెత్తొద్దు. అయ్యగారూ, పిల్లల చేత లూకా 22 చదివించాలనుకుంటున్నాను, చదివించే ముందు పది నిమిషాలు ఒక సీన్ చూపిస్తాను, మీరు ముందు చూడండి, చదివేటప్పుడు మీరే ఉండి నడిపించండి అని అడుగు. ఫోన్‌లోనే చూపించెయ్యొచ్చు. ఆయన దగ్గరుండి వాక్యం చెప్తుంటే సంఘ పెద్దలకి కూడా మాట్లాడటానికేం ఉండదు. మొత్తం సినిమా వద్దు, ఇరవై నిమిషాలు మించొద్దు, సినిమా అయిపోయేసరికి ఎనిమిదిన్నర అయితే ఇంక మాట్లాడేదెవరు, దోమలకి అందరూ లేచిపోతారు. మే నెలలో వీబీఎస్, అదే పిల్లల సెలవుల బైబిల్ బడి, ఉంటుంది కాబట్టి దానికి ముందే రెండు మూడు శనివారాలు చూస్కో, స్పీకర్ సౌండ్ పక్క వీధి దాకా వెళ్ళకుండా పెట్టుకో, కరెంట్ పోతే వాక్యం చదివే వంతు ముందుకి జరుపుకో.

అప్పటికీ ఆయన వద్దంటే, సంఘం పేరు మీద చెయ్యొద్దు. ఆయన కింద సండే స్కూల్ చెప్తూ ఆయనకి తెలియకుండా డాబా ఎక్కితే పిల్లలు మోషే కంటే ముందు నీ నుంచి అదే నేర్చుకుంటారు. మీ ఇంట్లో నువ్వూ, మీ అమ్మగారూ, ఆ ఇద్దరు ఫ్రెండ్సూ కూర్చుని చూసుకోటానికి మాత్రం ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. సండే స్కూల్లో సినిమా లేకపోయినా ఆ చూపు ప్రశ్న అడగొచ్చు, తెర అక్కర్లేదు దానికి, ఇద్దరు పిల్లల్ని నిలబెట్టి ఒకణ్ణి పేతురు చెయ్యి, ఇంకొకణ్ణి తిరిగి చూడమను.